కీళ్లవాతముతో కుంచె పట్టిన రెన్వార్

1915వ సంవత్సరములో సాషా గీత్రీ అను ఫ్రెంచి నటుడు తన దేశమునందలి వృద్ధ కళాకారులు కొందరిని చలనచిత్రముగా తీసెను. మాటలు లేని ఆ చిత్రములో ఒకచోట తెల్లని గడ్డము గల ఒక బక్కపలుచని మనుష్యుడు కుర్చీలో కూర్చుండి బొమ్మ వేయుచు కనబడును. ఆయన చేతులు చూచినవారికి అవి చేతులని వెంటనే తోచదు. వ్రేళ్లు అరచేతిలోనికి ముడుచుకొనిపోయినవి. మణికట్టు గట్టిపడి ప్రక్కకు తిరిగినది. ప్రక్కన నిలిచియున్న పదునాలుగేండ్ల బాలుడు కుంచెను అందించి ఆ వంకర వ్రేళ్ల నడుమ సర్దును. అంతట ఆ చేయి మనము ఊహింపని వేగముతో, తడబాటు లేక, పటము మీదికి పోయి రంగు పెట్టి వచ్చును. ఆ వృద్ధుడు పియర్ ఆగస్ట్ రెన్వార్. ఆ బాలుడు ఆయన కడగొట్టు కుమారుడు క్లోద్.

లోకమంతట పేరు పొందిన చిత్రకారుల జీవితములు చాలమంది వ్రాసియున్నారు. మేమిక్కడ ముఖ్యముగా చెప్పదలచినది ఆయన చిత్రకళనుగూర్చి కాదు. కీళ్లవాతము పట్టిన దేహముతో ఇరువదియైదు సంవత్సరములకు పైగా ఆయన దినదినము ఎట్లు లేచెను, ఎట్లు కూర్చుండెను, ఏ పనిముట్టును ఎట్లు మార్చుకొనెను అనునదే మా విషయము. ఈ వ్యాధితో బాధపడువారు మన చదువరులలోను అనేకులున్నారు గదా.

రెన్వార్ 1841వ సంవత్సరము ఫిబ్రవరి 25వ తేదీన ఫ్రాన్సు దేశములోని లిమోజ్ పట్టణమున జన్మించెను. తండ్రి దర్జీ, తల్లి కుట్టుపని చేయునది. పిల్లవాడు మూడు నాలుగేండ్లవాడై యుండగా ఆ కుటుంబము బ్రతుకుతెరువు కొరకు పారిస్ నగరమునకు వచ్చెను. బాలునికి మంచి కంఠముండెను. పారిస్‌లోని సెంట్ యూస్తాష్ దేవాలయపు గాయకబృందములో పాడుచుండగా, అక్కడి సంగీతాధికారియైన షార్ల్ గూనో ఆ పిల్లవానిని సంగీతమునకు అప్పగింపుమని తలిదండ్రులకు చెప్పెను. కాని ఇంటివారు మరియొక త్రోవ చూచిరి. పదుమూడేండ్ల వయస్సున అతనిని పింగాణీ పాత్రలమీద బొమ్మలు వేయు కర్మాగారములో పనికి పెట్టిరి.

ఆ పని ఆయన చేతులకు మొదటి బడి. నున్నని పింగాణీమీద సన్నని కుంచెతో పువ్వులను, ముఖములను దిద్దవలెను. గీత తప్పినయెడల పాత్ర పాడగును. లెక్కకు ఇన్ని పాత్రలని కూలి కనుక నిదానముగా చేసినను గిట్టదు. చేయి స్థిరముగను, చురుకుగను ఉండవలెను. కొన్ని యేండ్లకు యంత్రముతో బొమ్మలను అచ్చువేయు విధానము వచ్చి ఆ వృత్తి పడిపోయెను. కుర్రవాడు విసనకఱ్ఱలమీద, కిటికీ తెరలమీద బొమ్మలు వేసి పొట్ట పోసికొనుచు, మిగిల్చిన సొమ్ముతో 1862లో ప్రభుత్వ కళాశాలలో చేరెను. గ్లెయిర్ అను గురువునొద్ద మోనే, సిస్లే, బజీల్ అను యువకులు ఆయనకు స్నేహితులైరి.

తరువాతి యిరువది యేండ్ల కథ చిత్రకళా చరిత్రలన్నిటిలోను ఉన్నది గనుక క్లుప్తముగా చెప్పెదము. ఆ స్నేహితులు గదులను విడిచి ఆరుబయట వెలుతురులో బొమ్మలు వేసిరి. 1870 నాటి యుద్ధములో బజీల్ మరణించెను. 1874లో వారు తమ సొంత ప్రదర్శనము పెట్టగా జనులు నవ్విరి. ఆ నవ్వులాటలోనుండి పుట్టిన ఇంప్రెషనిస్టులు అను పేరే వారికి నిలిచిపోయినది. రెన్వార్ 1876లో వేసిన మూలెన్ ద లా గాలెత్ నృత్యము, 1881లో పూర్తిచేసిన పడవవారి భోజనము ఇప్పుడు లోకమంతట ఎరిగిన చిత్రములు. ఆ దినములలో మాత్రము రంగులు కొనుటకు ఆయనకు డబ్బుండెడిది కాదు. 1880లో క్రిందపడి కుడిచేయి విరిగినప్పుడు ఎడమచేతితో బొమ్మలు వేసెను. ఈ చిన్న సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. ఒక చేయి పోయినచో మరియొక దారి యున్నదని అప్పుడే ఆయనకు తెలిసినది.

ఎస్వా గ్రామమునుండి వచ్చిన అలీన్ షారిగో అను కుట్టుపని చేయు యువతిని ఆయన 1890లో వివాహము చేసికొనెను. పియర్, జాన్, క్లోద్ అని వారికి ముగ్గురు కుమారులు. అమెరికాలో ఆయన చిత్రములు అమ్ముడుపోసాగి, యాభైయవ యేట ఇంటిలో కొంచెము సుఖము కనబడెను. సరిగా అప్పుడే వ్యాధి వచ్చెను.

మొదట ఎప్పుడు పట్టినదో నిశ్చయముగా చెప్పుట కష్టము. 1888 చివర ముఖమునకు నరాల నొప్పి వచ్చి కొంత కాలము ముఖమొక ప్రక్క పక్షవాతముగా నుండెను. 1997లో కొందరు వైద్యులు ఆయన ఛాయాచిత్రములను, ఉత్తరములను వరుసగా పరిశీలించి బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. దానిప్రకారము ఆయనకు వ్యాధి 1892 ప్రాంతమున ఆరంభమైనది. 1896 నాటి ఫోటోలో వ్రేళ్ల మొదటి కణుపులు వాచియుండుట స్పష్టముగా కనబడుచున్నది. 1897 వేసవిలో ఎస్వాలో సైకిలు మీదినుండి పడి కుడిచేయి మరల విరుగగొట్టుకొనెను. ఇంటివారు చాలకాలము ఆ పాటునే వ్యాధికి మూలమని తలంచిరి. అది సహజమే. ఎవరికైనను ఈ బాధ మొదలైనప్పుడు దానికి ముందు జరిగిన దెబ్బనో, తడిసిన వాననో, తిన్న పదార్థమునో కారణముగా చెప్పుకొందురు. వాస్తవముగా ఇది ఎముక విరుగుటవలన వచ్చు జబ్బు కాదు.

వైద్యులు దీనిని రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అందురు. 1859లో గారడ్ అను ఆంగ్ల వైద్యుడు ఈ పేరు పెట్టెను. మన దేహమును రోగములనుండి కాపాడవలసిన రక్షణశక్తి పొరబడి, కీళ్లలోపలి పలుచని పొరమీదికే తిరుగబడును. పొర వాచి, మృదులాస్థిని, ఎముకను, స్నాయువులను తినివేయును. వయస్సు మీరినప్పుడు మోకాళ్లు అరిగి వచ్చు నొప్పి వేరు, ఇది వేరు. దీనిలో సామాన్యముగా రెండు చేతుల చిన్న కీళ్లు ఒకే విధముగా వాచును. ఉదయము లేచునప్పుడు గంట సేపు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, చేతులు బిగుసుకొనియుండును. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వచ్చును. పొగ త్రాగువారికి అపాయము హెచ్చు. రెన్వార్ జీవితమంతయు సిగరెట్లు కాల్చెను. చేతులు పోయిన తరువాత కూడ మానలేదు. ఈ విషయములో ఆయన మనకు మాదిరి కాడు.

ఆ కాలమున దీనికి మందు లేదు. ఆయనకు ఆంటిపైరిన్ అను నొప్పి బిళ్లలు ఇచ్చిరి. వేడినీటి ఊటలకు పంపిరి. 1901లో ఎక్స్ లే బెన్ ఊటలలో, 1904లో బూర్బోన్ ఊటలలో స్నానములు చేసెను. అవి కొంత హాయినిచ్చినను వ్యాధి నిలువలేదు. బంగారు లవణముల సూదులు 1929లో గాని రాలేదు. కార్టిజోన్ 1948లో, మెథోట్రెక్సేట్ మాత్రలు 1980 తరువాతి దశాబ్దములో, రక్షణశక్తిని అణచు క్రొత్త సూదిమందులు 1990ల చివర వచ్చినవి. నేడు వాపు మొదలైన కొద్ది నెలలలోపల వైద్యునొద్దకు పోయి మందు ఆరంభించినవారిలో పెక్కుమందికి రెన్వార్ చేతులవంటి చేతులు రావు. ఈ మాట వ్రాయకుండ ఆయన ఓర్పునుమాత్రము పొగడుట చదువరులకు అపకారమని మా తలంపు.

1903 తరువాత వ్యాధి తీవ్రమయ్యెను. మరుసటి సంవత్సరము ఆయన బరువు యాభై కిలోగ్రాములకు లోపుగా తగ్గిపోయి, కూర్చుండుటయే కష్టమయ్యెను. నడచుటకు మొదట ఒక కఱ్ఱ, పిమ్మట రెండు కఱ్ఱలు, అటుతరువాత చంకకఱ్ఱలు కావలసి వచ్చెను. కుడి భుజము బిగుసుకొనిపోయెను. ఉత్తరదేశపు చలి, తేమ ఓర్వలేక ప్రతి చలికాలము దక్షిణ సముద్రతీరమునకు పోవుట అలవాటయ్యెను. వేసవిలో భార్య పుట్టినూరు, చలికాలమున కాన్య గ్రామము. ఇల్లు, పిల్లలు, రంగుపెట్టెలు అన్నియు సంవత్సరమునకు రెండు సారులు రైలెక్కెడివి.

చేతులు మొద్దుబారకుండుటకు ఆయన చేసిన ప్రయత్నములు వినదగినవి. వ్యాయామము నేర్పు వైద్యశాల యేదియు ఆయనకు లేదు. తానే కల్పించుకొనెను. ప్రతి ఉదయము పనికి పోకముందు పది నిమిషములు మూడు చిన్న తోలు బంతులను ఒకదాని తరువాత ఒకటి ఎగురవేసి పట్టుకొనుచుండెను. సంతలో గారడివాడు చేయునదే. బంతి క్రిందపడినప్పుడు వంగి తీయుట మరియొక వ్యాయామము. కఱ్ఱకు దారముతో కట్టిన బంతిని గిన్నెలో పట్టు పిల్లల ఆట ఆడుచుండెను. నున్నగా చెక్కిన చిన్న కఱ్ఱతుండును గాలిలో త్రిప్పి ఒకసారి ఈ చేత, ఒకసారి ఆ చేత పట్టుకొనెడివాడు. అలీన్ ఇంటికి బిలియర్డు బల్ల తెప్పించెను. ఆట ఆడుటలో నడుము వంగును, చేయి చాపబడును అని ఆమె ఆలోచన. ఆమె దానిలో నేర్పరియై భర్తను ఓడించుచుండెను. రోగిని చేతులు కట్టుకొని కూర్చుండనీయక, జాలిపడి గెలువనీయక, నిజముగా ఆడి ఓడించిన భార్య మాకు మిక్కిలి నచ్చినది.

కొన్నాళ్లకు బంతులు చేతిలో నిలువక జారిపోసాగెను. ఆయన వాటిని మానివేసి కఱ్ఱతుండుతో సరిపెట్టుకొనెను. తరువాత అదియు పోయెను. ఇట్లు ఒక్కొక్కటిగా విడువవలసి వచ్చినను, విడుచువరకు ప్రతి ఉదయము చేసెను.

1907 జూన్ నెలలో కాన్య గ్రామమునకు దగ్గరనున్న లే కొలెత్ అను తోటను ఆయన కొనెను. కొండవాలున వందల యేండ్ల వయస్సు గల ఒలీవచెట్లు అక్కడ ఉండెను. మరియొకరు కొని ఆ చెట్లను నరికించునట్లుండగా వాటిని కాపాడుటకే త్వరపడి కొనెనని చెప్పుదురు. మరుసటి యేట ఇల్లు కట్టించిరి. అది రోగికి తగినట్లు ఆలోచించి కట్టిన యిల్లు. వెలుతురు ధారాళముగా వచ్చును. తోటలో ఒలీవచెట్ల నడుమ అద్దములతో ఒక చిన్న పనిగది వేయించిరి. తెరలు జరిపి ఎండను ఎంత కావలసిన అంత రానీయవచ్చును. లోపల కూర్చున్నవానికి గాలి తగులదు గాని ఆకులమీది వెలుగు కనబడును. ఆరుబయట కూర్చుండి చిత్రించు అలవాటును నలువదేండ్లుగా విడువనివానికి బయలును లోపలికి తెచ్చి యిచ్చినట్లాయెను.

ఇక కుంచె సంగతి. వ్రేళ్లకు కుంచెను కట్టి బొమ్మలు వేసెనని పుస్తకములలోను ఉపన్యాసములలోను తరచుగా చెప్పుదురు. అది సరికాదు. ఆయన చర్మము మిక్కిలి పలుచనై, కఱ్ఱ పిడి రాచుకొన్న పుండు పడుచుండెను. వ్రేళ్ల గోళ్లు అరచేతిలో గ్రుచ్చుకొనకుండవలెను. అందుకై పలుచని మెత్తని గుడ్డను అరచేతిలో నుంచి, పౌడరు చల్లి, పట్టీ చుట్టుచుండిరి. కుంచెను తనంతట తాను తీయలేడు గనుక ప్రక్కనున్నవారు వ్రేళ్ల నడుమ పెట్టుచుండిరి. పెట్టిన తరువాత దానిని పట్టుకొనియుండు బలము ఆ చేతికుండెను. కుంచె మార్చవలసినప్పుడు మరల పిలువవలెను. అందుచేత ఒకే కుంచెతో ఎక్కువ పని చేయుటకు అలవాటుపడెను. రంగుల సంఖ్యయు తగ్గించుకొనెను. రంగుపలక కుర్చీచేతిమీద ఆనియుండునట్లు అమర్చిరి.

ఈ పనులు చేయువారు ఎవరు? అలీన్‌కు చుట్టమైన గాబ్రియెల్ రెనార్ పదునారేండ్ల పిల్లగా, రెండవ కుమారుడు జాన్ పుట్టిన 1894లో, ఆ యింటికి దాదిగా వచ్చి యిరువది సంవత్సరములు ఉండెను. పిల్లవానిని ఎత్తుకొనెను, చిత్రములకు నమూనాగా కూర్చుండెను, చివరకు యజమానుని చేతులకు పట్టీలు చుట్టి కుంచెలు కడుగునది ఆమెయే. ఆ దినములలోని అనేక చిత్రములలో మనము చూచు నిండు ముఖము ఆమెది. రెన్వార్ జీవితములో ఓర్పు ఆయన ఒక్కనిదేనని చెప్పుట అన్యాయము. ఇంటిలోని స్త్రీల చేతులు ఆయన చేతులకు బదులు పనిచేసినవి. డబ్బున్నది గనుక వంటమనిషి, దాది, తోటమాలి, మోటారు బండి తోలువాడు ఉండిరి. అదే వ్యాధితో అదే ఊరిలో కూలికి పోయి ద్రాక్షలు కోసిన స్త్రీకి ఇవి యేవియు లేవు. ఆమె జీవితమును ఎవరును వ్రాయలేదు.

భుజము ఎత్తలేనివాడు పెద్ద పటమును ఎట్లు వేయును? పటము పైభాగము అందదు. క్రిందిభాగమునకు వంగలేడు. అందుకై ఆయన తానే ఒక సాధనమును ఆలోచించెను. నేలకు దగ్గరగా ఒకటి, ఎత్తున ఒకటి, అడ్డముగా రెండు దూలములవంటి ఉరుళ్లు నిలిపి, చిన్న చిన్న కఱ్ఱపలకలను గట్టి గుడ్డకు వరుసగా కొట్టించి, ఆ గుడ్డను ఉరుళ్లమీద చుట్టించెను. పటమును దానికి తగిలించి పిడి త్రిప్పినచో, ఏ భాగము కావలెనో ఆ భాగము ఆయన కంటికి, చేతికి ఎదురుగా వచ్చి నిలుచును. నేతవాని మగ్గమున బట్ట చుట్టబడునట్లే. తాను పటము నొద్దకు పోలేనప్పుడు పటమే తన యొద్దకు వచ్చునట్లు చేసికొనెను. బయటికి పోవలెనన్నను కుర్చీకి వెదురు కఱ్ఱలు తగిలించి ఇద్దరు మోసికొని పోవుచుండిరి.

1910 వేసవిలో కొంచెము నెమ్మదించి జర్మనీ దేశపు మ్యూనిక్ నగరమువరకు ప్రయాణము చేసి, ఒక కుటుంబము చిత్రములు వేసి వచ్చెను. తిరిగి వచ్చిన తరువాత కాళ్లు పడిపోయినవి. ఇక చక్రముల కుర్చీయే.

1912లో జరిగిన ఒక సంగతిని ఆయన కుమారుడు జాన్ వ్రాసియుంచెను. వియన్నానుండి వచ్చి పేరుపొందిన ఒక వైద్యుని ఇంటివారు పిలిపించిరి. ఆయన రోగిని పరీక్షించి, కొన్ని వారములలో నడిపించెదనని చెప్పెను. ఆ చెప్పినట్లు బలమైన ఆహారము, మందులు ఇచ్చి ఒక నెల కాలము సిద్ధపరచెను. ఒక ఉదయము వచ్చి, లెమ్మనెను. రెన్వార్ రెండేండ్లుగా నిలువబడలేదు. వైద్యుడు చేతులు పట్టి లేవదీసి, తరువాత పట్టు వదలెను. ఇంటివారు చుట్టునుండి ఊపిరి బిగబట్టి చూచుచుండగా ఆయన ఒక అడుగు వేసెను, మరియొకటి వేసెను, పటము నిలిపిన కొయ్య చుట్టు తిరిగి కుర్చీయొద్దకు వచ్చెను. అందరును సంతోషించిరి. ఆయన మాత్రము నిలుచుండియే వైద్యునితో, నడచుట విడిచివేయుచున్నానని చెప్పెను. ఆ కొద్ది అడుగులకు తన మనోబలమంతయు వ్యయమగుచున్నది, ఇక చిత్రించుటకు ఏమియు మిగులదు, రెంటిలో ఒకటి యెన్నుకొనవలసినయెడల చిత్రించుటనే యెన్నుకొందునని ఆయన భావము. కూర్చుండెను. మరల ఎన్నడు లేవలేదు.

ఈ నిర్ణయము సరియైనదా యని వైద్యులు వాదింపవచ్చును. కీళ్లు కదల్చనివాని కీళ్లు మరింత బిగుసుకొనునని వారు చెప్పుట సత్యమే. కాని ఈ వ్యాధి గలవారందరు దినదినము చేయు లెక్కయే ఆయన ఆ ఉదయము చేసెను. ఉన్న బలము కొంచెము. దానిని స్నానమునకు ఖర్చు పెట్టినచో వంటకు చాలదు. మెట్లెక్కినచో పిల్లవాని జడ వేయుటకు చాలదు. బయటివారు ఈ లెక్కను సోమరితనమందురు. రెన్వార్‌ను ఎవరును అట్లనలేదు. ఎందుకనగా కూర్చుండిన తరువాత ఆయన చేసిన పని వారి కన్నుల యెదుట ఉన్నది.

ఆ మరుసటి సంవత్సరము వొలార్ అను చిత్రముల వర్తకుడు, శిల్పములు కూడ చేయుమని ప్రోత్సహించెను. కుంచె పట్టలేని చేతులు మట్టిని ఎట్లు పిసుకును? స్పెయిన్ దేశపు కతలూన్యానుండి వచ్చిన రిషార్ గీనో అను యిరువదిమూడేండ్ల శిల్పిని తోడు తెచ్చిరి. వృద్ధుడు కుర్చీలో కూర్చుండి పొడవైన కఱ్ఱతో చూపుచు, ఇక్కడ తీయుము, అక్కడ నింపుము అని సైగ చేయగా యువకుడు మట్టిని దిద్దుచుండెను. 1913నుండి 1918వరకు ఇట్లు అనేక శిల్పములు వెలువడెను. విజయము పొందిన వీనస్ అను నిలువెత్తు విగ్రహము వాటిలో ప్రసిద్ధము. చాలకాలము వాటిమీద రెన్వార్ పేరే ఉండెను. గీనో న్యాయస్థానమునకు పోవలసి వచ్చెను. ఆ శిల్పములకు ఆయనయు సహకర్తయని ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానము 1973 నవంబరులో స్థిరపరచెను. గీనో అదే సంవత్సరము ఫిబ్రవరిలో మరణించియుండెను. సాయపడిన చేతులకు పేరు పెట్టుటలో లోకము ఇంత ఆలస్యము చేయును.

1914లో మహాయుద్ధము వచ్చెను. పెద్ద కుమారుడు పియర్ కుడిచేయి గుండు దెబ్బకు నుజ్జయ్యెను. 1915 ఏప్రిల్‌లో జాన్ తొడ ఎముకకు గుండు తగిలి, కాలు తీసివేయవలసినంత పని అయ్యెను. అలీన్ అప్పటికే మధుమేహముతో నీరసించియుండెను. అయినను రైళ్లలో ప్రయాణము చేసి యుద్ధభూమికి దగ్గరనున్న వైద్యశాలకు పోయి కుమారుని చూచెను. కాలు తీయుటకు ఆమె ఒప్పుకొనలేదు. కాలు నిలిచెను. ఆమె ఇంటికి వచ్చి మంచము పట్టి జూన్ 27న నీస్ పట్టణములో చనిపోయెను. బిలియర్డు ఆడి ఓడించిన చేతులు పోయినవి. గాబ్రియెల్ అంతకు పూర్వమే ఆ యిల్లు విడిచి వెళ్లియుండెను. డెబ్బదినాలుగేండ్ల వృద్ధుడు, తనంతట తాను ముక్కు తుడుచుకొనలేనివాడు, ముగ్గురు కుమారులతో మిగిలెను. వారిలో ఇద్దరు గాయపడినవారు. పై చలనచిత్రములో మనము చూచు బాలుడు తల్లిని పోగొట్టుకొన్న ఆ సంవత్సరమునందలివాడే.

జాన్ కుంటుచు వచ్చి పారిస్‌లో తండ్రియొద్ద కొన్ని నెలలుండెను. నడువలేని యిద్దరును ఒకరికెదురుగ ఒకరు కూర్చుండి గంటలకొలది మాటలాడుకొనిరి. తండ్రి తన బాల్యమును, పింగాణీ పనిని, చనిపోయిన స్నేహితులను జ్ఞాపకము చేసికొని చెప్పెను. ఆ మాటలే తరువాత 1962లో జాన్ ప్రకటించిన తండ్రి జీవిత చరిత్రయైనవి. మేము పైన చెప్పిన బంతులు, బిలియర్డు బల్ల, తిరుగు పటము మనకు తెలిసినది చాలవరకు ఆ పుస్తకమువలననే. ఈ జాన్ మన దేశమునకు క్రొత్తవాడు కాడు. చలనచిత్ర దర్శకుడై 1949లో కలకత్తాకు వచ్చి, హుగ్లీ తీరమున ది రివర్ అను చిత్రమును తీసెను. సత్యజిత్ రాయ్ యువకుడై యుండగా ఆయనను కలిసికొని, స్థలములు వెదకుటలో వెంట తిరిగెను. ఆ చిత్రమునకు కెమెరా పట్టినవాడు పియర్ కుమారుడు, అనగా మన రెన్వార్ మనుమడు.

తిరిగి కాన్యకు వత్తము. 1917 చివర మతీస్ అను చిత్రకారుడు నీస్‌లో నివసింప వచ్చి, అప్పుడప్పుడు వృద్ధుని చూడ వచ్చుచుండెను. ఉదయము రెన్వార్‌ను కుర్చీలో పెట్టి తెచ్చునప్పుడు ఆయన ముఖము బాధచేత ముడుచుకొనియుండెడిది. పట్టీలు చుట్టి కుంచె పెట్టి కొంతసేపు గడిచిన పిమ్మట ముఖము మారెడిది. నొప్పి పోయినదని కాదు. పని మీదికి మనస్సు పోయినప్పుడు నొప్పి వెనుకకు జరుగును. ఈ సంగతి వ్యాధిగ్రస్తులకు తెలియును, వైద్యులును ఇప్పుడు ఒప్పుకొనుచున్నారు.

ఆ దినముల చిత్రములను చూచి వాటిలో బాధను వెదకువారికి అది కనబడదు. ఎఱ్ఱని గులాబీలు, బలిసిన స్త్రీలు, ఎండలో మెరయు తోట. మితిమీరిన తీపి అని విమర్శించువారున్నారు. మాకును కొన్నిటిలో అట్లే తోచును. అయినను వాటిని వేసిన చేయిని తెలిసికొన్న తరువాత ఆ తీపిని అంత తేలికగా త్రోసివేయలేము. 1918, 1919 సంవత్సరములలో స్నానము చేయు స్త్రీల పెద్ద చిత్రమొకటి ఆ తిరుగు సాధనముమీద పూర్తిచేసెను. దానిని ఆయన కుమారులు 1923లో ఫ్రాన్సు ప్రభుత్వమునకు ఇచ్చిరి.

1919 ఆగస్టులో ప్రభుత్వ కళాశాఖవారు ఆయనను పారిస్‌లోని లూవ్ర్ చిత్రశాలకు పిలిచిరి. యౌవనములో పాత గురువుల చిత్రములను చూచి నకలు తీసిన ఆ మందిరములలో ఆయనను చక్రముల కుర్చీమీద త్రిప్పిరి. వెరొనీస్ చిత్రించిన కానా వివాహమును చూడవలెనని కోరెను, చూచెను. చలికాలము రాగానే కాన్యకు తిరిగి వచ్చెను. నవంబరులో ఊపిరితిత్తులకు జలుబు పట్టి జ్వరము వచ్చెను. అయినను పువ్వుల చిత్రమొకటి వేయుచునేయుండెను. డిసెంబరు 3వ తేదీన రాత్రి మరణించెను. వయస్సు డెబ్బదియెనిమిది.

లే కొలెత్ తోటను 1960లో కాన్య పురపాలక సంఘమువారు కొని ప్రదర్శనశాలగా చేసిరి. ఆయన చక్రముల కుర్చీ, పటము నిలుపు కొయ్య ఆ పనిగదిలో ఇప్పటికిని ఉన్నవి. ఒలీవచెట్లును ఉన్నవి. ఆయన దేహమును మొదట నీస్‌లో పాతిపెట్టిరి. 1922లో భార్య దేహముతో కూడ ఎస్వాకు, సైకిలు మీదినుండి పడిన ఆ గ్రామమునకు, కొనిపోయిరి.